ప్రయాణికుడు సహాయం వద్దన్నాడు

ఆ కాగితం చదివిన రోజున నేను ముందుగా తిట్టింది కంపెనీని కాదు, మా ఆయన్ని.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కట్టలో అదొక పేజీ. తల లేని బండ్ల కంపెనీ డాక్టర్లకు పంపిన నివేదిక. బల్గేరియాలోని మా రూసె ఊళ్ళో డ్రైవర్ లేని టాక్సీలను అందరూ అలాగే పిలుస్తారు, తల లేని బండ్లని. అందులో ఇలా ఉంది: 11:08కి ప్రయాణికుడు సీటులో పక్కకు ఒరిగాడు. సహాయం కావాలా అని వాహనం మూడుసార్లు అడిగింది. ప్రయాణికుడు సహాయం వద్దన్నాడు. ప్రయాణం కొనసాగింది. మెదడులో రక్తం గడ్డకట్టి కుడిచెయ్యీ, కుడికాలూ, మాటా ఒకేసారి పోయిన మనిషి గురించి నాలుగు వాక్యాలు.

"వద్దన్నాడట! చూశావా మీ నాన్న సంగతి?" అని మా అమ్మాయి కలీనా ముందు ఆ కాగితం టేబుల్ మీద కొట్టాను. "చస్తూ కూడా వద్దన్నాడు. ఈయన మొండితనానికి ఒక అంతంటూ ఉందా?"

కలీనా ఏడుస్తూనే, "నాన్న ఎప్పుడు ఎవర్ని సాయం అడిగాడులే అమ్మా" అంది.

నిజమే. మా ఆయన లూబెన్ రేవులో క్రేన్ నడిపినవాడు. అందులో తొమ్మిదేళ్ళు జర్మనీ రేవుల్లో. మోకాలు అరిగిపోయి మెట్లెక్కలేకపోతున్నా పక్కింటివాడు చెయ్యి అందిస్తే తోసేసే రకం. అందుకే ఆ వాక్యం చదవగానే మా ఇద్దరికీ అనుమానమే రాలేదు. వద్దనే ఉంటాడు. ఇంకేమంటాడు?

పైగా ఆ ఉదయం మా ఇద్దరికీ గొడవైంది. నేను ట్రాలీబస్సు నడుపుతాను. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ, పైన తీగలు పట్టుకుని నడిచే తొమ్మిదో నంబరు బస్సు. ఆ లైనునే ఎత్తేసి తల లేని మినీబస్సులు దింపాలని మున్సిపాలిటీ చూస్తోంది. ఆ కోపంలో నేనుంటే ఈయన టమాటా నారు కొనడానికి సంతకి బయల్దేరాడు.

"పదిన్నరకి మన స్టాపుకి వస్తాను, నా బస్సెక్కు" అన్నాను.

"నీ బస్సెక్కితే దారిపొడుగునా నీ ఉపన్యాసం వినాలి. కలీనా నా ఫోన్లో ఆ టాక్సీ యాప్ పెట్టిపోయిందిగా, దాన్లో పోతా. అదన్నా నోరు మూసుకుని నడుపుతుంది."

"పో! పోయి దాన్నే కట్టుకో!"

మేం మాట్లాడుకున్న ఆఖరి మాటలవి. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బండి ఆయన్ని ఆ స్థితిలోనే సంత దగ్గరికి తీసుకుపోయింది. తలుపు తెరిచింది. ఆయన దిగలేదు. కాసేపాగి తలుపు మూసుకుని, ప్రయాణికుడు ఆగమంటున్నాడని తనకు తనే అర్థం చేసుకుని, నది ఒడ్డున ఖాళీ స్థలంలో ఎండలోకి వెళ్ళి నిలబడింది. అక్కడ గంటన్నర. కాపలా మనిషి ఒకడు అద్దంలోంచి తొంగిచూసి, తట్టి, పలక్కపోతే రాయి తీసుకుని అద్దం పగలగొట్టాడు. ఆ గంటన్నర ముందు తెచ్చి ఉంటే మాట దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' నన్ను నిద్రపోనివ్వలేదు.

నలభై రోజులు ఫిజియోథెరపీ వార్డులో ఆయన పక్కన కూర్చున్నాను. డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే. తినిపించేదాన్ని, తుడిచేదాన్ని, తిట్టేదాన్ని. ప్రేమ లేక కాదు. కోపం ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా, ఎదురుగా ఆయనే ఉన్నాడు.

"ఎందుకు వద్దన్నావయ్యా? మూడుసార్లు అడిగిందట కదా. ఊ అంటే నీ సొమ్మేం పోయింది? ఇప్పుడు చూడు, చెంచా పట్టుకోలేవు. ఎవరి మీద చూపించావు నీ పౌరుషం?"

ఆయన గొంతులో ఏదో గురగురమనేది. తర్వాత గోడవైపు తిరిగిపోయేవాడు. మాట పోయినవాళ్ళు చేసే సైగల్ని కొన్నాళ్ళు నమ్మొద్దనీ, ఊ అనబోయి ఊహూ అంటారనీ వార్డు నర్సు స్టాంకా ముందే చెప్పింది. కాబట్టి ఆయన ఏం చేసినా నేను పట్టించుకోలేదు. గోడవైపు తిరిగితే సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

వీడియో తెప్పిద్దామన్నది కలీనా. లోపలి కెమెరా తీసింది అడిగే హక్కు మనకుందట. "ఎందుకే, ఆయన వద్దనడం మళ్ళీ కళ్ళారా చూడ్డానికా?" అని కసిరాను. అయినా అది అర్జీ పెట్టింది. కంపెనీ ఆఫీసుకు వచ్చి చూసుకోమన్నారు. ఆ ఆఫీసు ఎక్కడో కాదు, మా ట్రాలీబస్సు డిపోలోనే. సగం షెడ్డు వాళ్ళకిచ్చేశారు. ఇరవై ఎనిమిదేళ్ళు నేను చేతులకంటిన గ్రీజు కడుక్కున్న గదిలో ఇప్పుడు తెల్లటి సోఫాలున్నాయి.

ప్లామెన్ అని ఒకతను కూర్చోబెట్టాడు. ముప్పై దాటి ఉండవు, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఈ ఊరికి కంపెనీ తరఫున అన్నీ అతనే.

"మేడమ్, చూడ్డం కష్టంగా ఉంటుంది. నీళ్ళేమైనా...?"

"నీళ్ళు నా దగ్గరున్నాయి. వెయ్యి."

తెర మీద లూబెన్. బాగున్న లూబెన్. నీలం గళ్ళ చొక్కా, ఒళ్ళో ఖాళీ సంచి. తెర కింద బండి రాసుకున్న అక్షరాలు వస్తున్నాయి.

"బయల్దేరదామా?" అని అడిగింది బండి, ఆడగొంతుతో. లూబెన్ తల ఊపాడు. కింద 'సమాధానం: వద్దు' అని పడింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాడు. మళ్ళీ 'వద్దు'. "బయల్దేరాలంటే పచ్చ బొత్తాం నొక్కండి" అంది. ఆయన నవ్వుతూ నొక్కి గొణిగాడు: "దీనికన్నా మా ఆవిడ నెవెనా నయం. ఒక్కసారి చెబితే అర్థమవుతుంది."

ఆయన గొంతు విని నలభై రోజులైంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. కలీనా నా చెయ్యి పట్టుకుంది.

ప్లామెన్ ముందుకు జరిపాడు. 11:08. లూబెన్ కుడివైపుకు ఒరిగాడు. మూతి వంకరపోయింది. ఎడమచెయ్యి సీటు అంచు వెతుక్కుని పట్టుకుంది. "మీకు ఒంట్లో బాగాలేదా? సహాయం కావాలా? మాటతోగానీ తలతోగానీ చెప్పండి" అంది బండి. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. తల ఊపాడు. 'సమాధానం: వద్దు.' రెండోసారి అడిగింది. మళ్ళీ ఊపాడు, ఈసారి గట్టిగా. 'వద్దు.'

నేను పళ్ళు నూరుతున్నాను. చూడు, చూడు, మొండిఘటం, అనుకుంటున్నాను. మూడోసారి అడిగింది. ఆయన కెమెరా వైపు కళ్ళెత్తి, ఉన్న శక్తంతా కూడదీసుకుని, తల ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ తిప్పాడు. 'సమాధానం: వద్దు. ప్రయాణం కొనసాగుతోంది.'

అప్పుడు చూశాను. అప్పటిదాకా కింది అక్షరాలు చదివాను, పైన మనిషిని చూడలేదు.

"ఆపు" అన్నాను. "ఏమయ్యా, నువ్వే ఊరివాడివి?"

"సోఫియా, మేడమ్."

"మీ అమ్మ కాఫీ కావాలా అని అడుగుతుంది. నీక్కావాలి. నోట్లో రొట్టె ఉంది. ఎలా చెప్తావు? చెప్పకు, చేసి చూపించు."

అతనికి అర్థం కాలేదు. అలవాటుకొద్దీ తల ఎడమకీ కుడికీ ఊపబోయి, సగంలో ఆగిపోయాడు. మెడ అలాగే పక్కకుండిపోయింది. మొహం తెల్లబడింది.

మా దేశంలో అవునంటే తల అడ్డంగా ఊపుతాం. కాదంటే గడ్డం పైకెత్తి 'చ్' అంటాం. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ బండికి మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడో నేర్పి పంపించారు. అడ్డంగా ఊపితే వద్దని, నిలువుగా ఊపితే కావాలని.

"కావాలన్నాడు!" అని అరిచాను. "కావాలి, కావాలి, కావాలి అన్నాడు! ఈ వీడియో నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

"నాలుగైదు సార్లు..."

"బల్గేరియా తల్లి కడుపున పుట్టి నాలుగైదు సార్లు చూసి నీకు తెలియలేదా?"

"కింద 'వద్దు' అని ఉంది కదా మేడమ్..." అని నసిగాడు.

అతన్ని ఇంకా చాలా అనేదాన్ని. కానీ ఆ మాట తిరిగొచ్చి నాకే తగిలింది. రోజుకు మూడు వందల తలలు చూస్తాను. ముందు తలుపు దగ్గర ముసలమ్మ స్టేషనుకేనా అన్నట్టు కనుబొమ లేపితే తల అడ్డంగా ఊపి ఎక్కించుకుంటాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని. ఆ కాగితం చూసిన నలభై రోజుల్లో ఒక్క నిమిషం కూడా నాకీ ఆలోచన రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, ఆ రోజు అది ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. ఆ 'వద్దన్నాడు' అన్న మాట కొట్టేయించాలి. 'కావాలన్నాడు' అని రాయించాలి. అది రాయించిన కాగితం పట్టుకుంటే తప్ప ఆయన మొహం చూడలేననిపించింది. ఆ రోజు నుంచి తిట్టడం మానేశాను. తినిపించేటప్పుడు తల దించుకునేదాన్ని.

మూడు రోజులకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళు సానుభూతి తెలిపారు. నివేదికను సవరించారు కూడా: 'ప్రయాణికుడి సమాధానం అస్పష్టం.' కింద ఇంకో ముక్క. ప్రయాణికుడు తొమ్మిదేళ్ళు జర్మనీలో పనిచేశాడు కనుక అక్కడి అలవాటు ప్రకారమే తల ఊపి ఉండవచ్చు, నిజంగానే వద్దని ఉండవచ్చు.

కలీనా చదివి వినిపిస్తుంటే నా చేతిలో గ్లాసు గోడకేసి కొట్టాను.

"జర్మనీయా? బయల్దేరదామా అంటే అడ్డంగా ఊపి పచ్చ బొత్తాం నొక్కాడు కదే! వద్దనుకునేవాడు బొత్తాం ఎందుకు నొక్కుతాడు? వాళ్ళ వీడియోలోనే ఉంది కదా!"

"ఉందమ్మా. చూడదలుచుకోలేదు వాళ్ళు."

"చూపిద్దాం పద."

తొమ్మిదో నంబరు లైను గురించి మున్సిపాలిటీలో బహిరంగ విచారణ ఆ గురువారమే. మాట్లాడేవాళ్ళు పేరు రాసుకోవాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. హాలు నిండిపోయింది. మా డిపోవాళ్ళూ, పింఛన్దార్లూ, కుర్ర విద్యార్థులూ. వేదిక మీద డిప్యూటీ మేయర్ గెర్గానా, పక్కన ప్లామెన్, అతని పక్కన పైదేశం నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు, యాన్సెన్ అట. పొడుగాటి మనిషి, చెవిలో అనువాదం వినిపించే పరికరం పెట్టుకున్నాడు. భద్రత గురించి అరగంట బొమ్మలు చూపించాడు. అతని బండి అలిసిపోదట, తాగదట, ఫోను చూడదట. నేను కూడా తాగనయ్యా, అనుకున్నాను.

నా వంతు వచ్చింది. ముందుగా ఆ వీడియో వేయించాను. కింది అక్షరాలు కనబడకుండా కలీనా ఒక నల్ల పట్టీ వేసి తెచ్చింది. బండి ఒక్కోసారి అడిగినప్పుడూ లూబెన్ తల ఊపుతున్నాడు. మొదటిసారికే వెనక వరసల్లో ఎవరో ముసలాయన "కావాలంటున్నాడు కదా, ఆపరేం?" అని గట్టిగా అనేశాడు.

"ఏం రాసుకున్నారో చెప్పనా?" అన్నాను. "వద్దన్నాడని రాసుకున్నారు. నేను తిరగబడితే అస్పష్టమని రాశారు. మీలో ఎవరికైనా అస్పష్టంగా ఉందా?"

యాన్సెన్ చెవి పరికరం సర్దుకుని, మైకు దగ్గరికి జరుపుకుని, చాలా మర్యాదగా ఏదో అన్నాడు. అనువాదం చేసే అమ్మాయి చెప్పింది: "ఆయన మీ బాధ అర్థం చేసుకుంటున్నారు. మీకు మా మీద ఇంకా కోపంగా ఉందా అని అడుగుతున్నారు."

నేను అతని కళ్ళలోకి చూస్తూ తల ఎడమకీ కుడికీ ఊపాను. నిదానంగా, నాలుగుసార్లు.

అతని మొహం విచ్చుకుంది. చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని, "థాంక్యూ" అన్నాడు.

హాలు ఘొల్లుమంది. నవ్వు కాదది, నవ్వుగా మొదలై మధ్యలో అరుపైపోయింది. మా డిపో మెకానిక్కులు కుర్చీలు తన్నారు. ప్లామెన్ తల చేతుల్లో పెట్టుకున్నాడు. అనువాదం చేసే అమ్మాయి యాన్సెన్ వైపు వంగి ఏదో గుసగుసలాడింది. అతను నన్ను చూశాడు, ఆ తర్వాత తెర మీద ఆగిపోయి ఉన్న లూబెన్ను చూశాడు. అప్పుడు మాత్రం మనిషిలానే చూశాడు, అది ఒప్పుకోవాలి.

"రెండు రోజుల్లో సరిచేస్తాం. ఈ దేశంలో తిరిగే బండ్లన్నిటికీ తిరగేసి పెడతాం" అన్నాడు.

"తిరగేస్తే సరిపోతుందా? జర్మనీలో, ఇంగ్లండులో ఏళ్ళ తరబడి ఉండి వచ్చినవాళ్ళు సగం ఊరు. కుర్రాళ్ళు తెరలు చూసి మీలాగే నిలువుగా ఊపుతున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా ఊపుతారు. మరి మేమెలా బతుకుతున్నామనుకున్నారు? అనుమానమొస్తే మళ్ళీ అడుగుతాం. అవునా, కాదా, నోటితో చెప్పు అంటాం. నోరు పెగలకపోతే బ్రేకేసి, సీటులోంచి లేచి, దగ్గరికెళ్ళి మొహం చూస్తాం. మూతి వంకర పోయినవాడు ఎటు ఊపితే ఏంటయ్యా? నా బస్సులో ఆ మనిషి ఒరిగి ఉంటే ఆయన తల ఊపేదాకా ఆగేదాన్నా? మీ బండిలో లేచేవాళ్ళెవరు?"

"మేడమ్, మీ మూడు నిమిషాలు అయిపోయాయి" అంది గెర్గానా నెమ్మదిగా.

"ఆయన గంటన్నర ఎండలో ఉన్నాడు. నాకింకో నిమిషం ఇవ్వండి."

ఇచ్చింది.

"నాకు మీ క్షమాపణ వద్దు. ఒక్క వాక్యం మార్చండి. ఇప్పుడే, ఇక్కడే. సహాయం కావాలని మూడుసార్లు అడిగాడని రాయండి."

గెర్గానా ప్లామెన్ వైపు తిరిగింది. ప్లామెన్ యాన్సెన్ వైపు తిరిగాడు. వాళ్ళ లాయరెవరో వెనక నుంచి చెయ్యి ఊపుతున్నాడు, రాయొద్దని. యాన్సెన్ అతని వైపు చూడనే లేదు. కాగితం అడిగి తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. అనువాదం చేసే అమ్మాయి కింద మా భాషలో రాసింది. గెర్గానా ముద్ర వేయించింది. మినీబస్సుల అనుమతి ఆరునెలలు ఆపామని కూడా ప్రకటించింది. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఎవరో నన్ను ముద్దు పెట్టుకున్నారు. నాకు ఏదీ తలకెక్కలేదు. కాగితం సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి పోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఎండలు ముదిరాయి కదా అని పొద్దున్నే టరాటోర్ చేసి ఉంచాను. పెరుగులో దోసకాయ తురిమి, వెల్లుల్లి నూరి వేసిన చల్లటి సూపు, ఆయనకిష్టం. గిన్నెలో పోసుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఆయన ఎప్పటిలాగే గోడవైపు తిరిగి ఉన్నాడు.

"లూబెన్, ఇటు తిరుగు. నీకొకటి చదివి వినిపించాలి."

తిరగలేదు. నేను చదివాను. "11:08కి ప్రయాణికుడు సీటులో పక్కకు ఒరిగాడు. తనకు సహాయం కావాలని మూడుసార్లు తెలియజేశాడు. వాహనం అర్థం చేసుకోలేదు."

ఆయన భుజం కదిలింది. మెల్లగా, ఎడమచేత్తో మంచం అంచు పట్టుకుని ఇటు తిరిగాడు. కళ్ళు నా మీద పెట్టాడు.

"అడిగావు" అన్నాను. "నువ్వడిగావు. ఆ బండికి నువ్వెవరో తెలీదు, పోనీ. ఆ ఇంజనీరుకి తెలీదు, పోనీ. నాకేం రోగమొచ్చింది? ముప్పై మూడేళ్ళు నీతో కాపురం చేసి, ఒక కాగితం ముక్క చదివి దాన్నే నమ్మాను. ఎందుకు వద్దన్నావని రోజూ అడిగాను గానీ, వద్దన్నావా అని ఒక్కరోజు కూడా అడగలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. మెడ మీద నరం ఉబ్బింది. ఎడమచెయ్యి లేచింది. నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను.

గిన్నెను కొట్టాడు. పెరుగంతా నా ఒళ్ళో, మొహాన, గోడ మీద. గిన్నె గచ్చు మీద గిరగిరా తిరిగింది. ఆయన గొంతులోంచి అరుపు వచ్చింది, మాటలు లేని అరుపు. ఊపిరి తీసుకుని మళ్ళీ అరిచాడు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

స్టాంకా పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా? బీపీ పెరిగిపోతుంది ఆయనకి. మీరు కాసేపు బయటికెళ్ళండి, సూది వేస్తాను."

"వద్దు తల్లీ, అరవనీ. నలభై రోజులు నేనొక్కదాన్నే అరిచాను."

ఆయన మళ్ళీ అరిచాడు. నేను ఒంటి నిండా పెరుగుతో అక్కడే కూర్చుని, ఆయన అరిచినంతసేపూ విన్నాను.